ఫాలో అవదని ఎలా తెలుసు?

మన విద్యార్థుల్లో చాలామంది తర్కశాస్త్రాన్ని మొదటిసారి చూసేది బడిలోనో కాలేజీలోనో కాదు, బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో. ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియట్ ఐచ్ఛిక విషయాల్లో లాజిక్ కూడా ఒకటన్నది నిజమే గానీ, ఎంపీసీ, బైపీసీల హోరులో దాని జోలికి వెళ్ళేవాళ్ళు అరుదు. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి గణితంలో ‘మ్యాథమెటికల్ రీజనింగ్’ అని ఒక అధ్యాయం ఉండేది. 2022-23లో పాఠ్యాంశాల భారం తగ్గించే పేరుతో దాన్నీ తీసేశారు. ఇక మిగిలింది నంద్యాలలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో రేకుల షెడ్డు కింద, మైకు పెట్టి చెప్పే రీజనింగ్ క్లాసు, అందులో సిలాజిజమ్స్ అనే చాప్టరు, అంటే ఇచ్చిన ఆధార వాక్యాల నుంచి ఒక తీర్మానం వస్తుందో లేదో తేల్చే పాఠం. అరిస్టాటిల్ రెండు వేల మూడు వందల ఏళ్ళకు పైగా వెనక కట్టిన శాస్త్రం డిగ్రీ పూర్తయిన తెలుగు కుర్రాడికి చేరేది ఆ మైకులోంచే.

అలాంటి క్లాసుల్లో కొన్నేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి కోచింగ్‌ను చిన్నచూపు చూసే ఉద్దేశం నాకు లేదు. ఇంకెవరూ చెప్పనిదాన్ని అక్కడ కనీసం చెబుతున్నారు. నా అభ్యంతరం చెప్పే తీరు మీద. ‘ఫాలో అవుతుంది’, ‘ఫాలో అవదు’ అన్న రెండు మాటల చుట్టూనే చాప్టరంతా తిరుగుతుంది. అయినా ఆ మాటలకు అర్థమేమిటో ఎవరూ చెప్పరు. ఆధార వాక్యాలు నిజమై ఉండి కూడా తీర్మానం అబద్ధమయ్యే పరిస్థితి ఒక్కటంటే ఒక్కటి కూడా సాధ్యం కానప్పుడే తీర్మానం ఫాలో అయినట్టు. అలాంటి పరిస్థితి ఒక్కటి చూపించగలిగితే చాలు, ఫాలో కానట్టు. ఇదంతా ఒక్క నిమిషంలో చెప్పగలిగిన నిర్వచనం, కానీ దాన్ని చేతికి అలవాటు చేయడానికి వారం పడుతుంది. ఆ వారం పెట్టకుండా సూత్రాల పట్టికకు వెళ్ళిపోవడం వల్ల విద్యార్థికి మార్కులు వస్తాయేమో గానీ తర్కం రాదు, కష్టమైన ప్రశ్న ఎదురైనప్పుడు ఆ మార్కులూ రావు.

ఒక మామూలు లెక్క తీసుకుందాం. అన్ని పెన్నులు పుస్తకాలు. కొన్ని పుస్తకాలు బల్లలు. తీర్మానం: కొన్ని పెన్నులు బల్లలు. కొత్తగా చేరిన విద్యార్థి ఏం చేస్తాడో దగ్గరుండి చూస్తే తెలుస్తుంది. ముందు పుస్తకాల వృత్తం పెద్దగా గీస్తాడు, దాని లోపల పెన్నుల వృత్తం గీస్తాడు, ఆ తర్వాత బల్లల వృత్తాన్ని పుస్తకాలలోకి చొప్పిస్తాడు. నోటుబుక్కులో చోటు తక్కువ కాబట్టి ఆ మూడో వృత్తం వెళ్ళి పెన్నుల వృత్తానికి తగులుతుంది. తగిలింది కాబట్టి ఫాలో అవుతుందని రాసేస్తాడు. పక్కనున్న అమ్మాయి కాస్త ఎడంగా గీసింది, తగలలేదు, ఫాలో అవదని రాసింది. ఇద్దరి తప్పూ ఒకటే. ఆ అమ్మాయి జవాబు సరైనదే, కానీ ఆమెను ఆ జవాబుకు చేర్చింది తర్కం కాదు, నోటుబుక్కులోని ఖాళీ. ‘ఇలా కూడా గీయవచ్చు, అలా కూడా గీయవచ్చు, రెండింట్లోనూ ఆధార వాక్యాలు నిలుస్తున్నాయి, తీర్మానం మాత్రం ఒకదాంట్లో కూలిపోతోంది’ అని ఆమె చెప్పగలిగినప్పుడే అది జవాబు. బొమ్మ దానంతటది ఏదీ నిరూపించదు. ఎన్ని బొమ్మలకు అవకాశముందో వెతికే పనిలో అది సహాయకారి మాత్రమే.

అదే వరుసలో వేరే పదాలు పెట్టి చూడమంటే విషయం క్షణంలో తేలిపోతుంది. అన్ని కాకులు పక్షులు. కొన్ని పక్షులు చిలుకలు. కాబట్టి కొన్ని కాకులు చిలుకలు. క్లాసంతా నవ్వుతుంది. ఆ నవ్వే నిరూపణ. ఆధార వాక్యాలు రెండూ నిజం, తీర్మానం అబద్ధం, వాక్యాల నిర్మాణం మాత్రం పెన్నుల లెక్కలో ఉన్నదే. కాకుల విషయంలో కూలిన నిర్మాణం పెన్నుల విషయంలో నిలబడటానికి వీల్లేదు.

ఇది నేను కనిపెట్టిన చిట్కా కాదు. చెల్లని జతలను అరిస్టాటిల్ తోసిపుచ్చిన పద్ధతి ఇదే. మనుషులందరూ జంతువులే, ఏ గుర్రమూ మనిషి కాదు అనుకుంటే, గుర్రాలన్నీ జంతువులే. మనుషులందరూ జంతువులే, ఏ రాయీ మనిషి కాదు అనుకుంటే, ఏ రాయీ జంతువు కాదు. ఒకే రూపంలో ఉన్న రెండు ఆధార వాక్యాలు ఒకచోట ‘అన్నీ’ అనే ఫలితానికీ, ఇంకోచోట ‘ఏదీ కాదు’ అనే ఫలితానికీ పొసగుతున్నాయి. కాబట్టి ఆ జత నుంచి ఏ తీర్మానమూ రాదు. జంతువు, మనిషి, గుర్రం. జంతువు, మనిషి, రాయి: మూడేసి పదాలతో పని అయిపోయింది. ఎల్‌కేజీ పిల్లలకు కూడా తెలిసిన ఇలాంటి పదాలతో నడిచే పద్ధతిని వదిలేసి మనం సూత్రాలు బట్టీ పట్టిస్తున్నాం.

ఆ సూత్రాలేమిటో ఈ చదువు ఎరిగినవాళ్ళకు తెలుసు. ఆల్ ప్లస్ ఆల్ అయితే ఆల్. సమ్ ప్లస్ ఆల్ అయితే సమ్. ఆల్ ప్లస్ సమ్ అయితే నో కంక్లూజన్. నో ప్లస్ ఆల్ అయితే సమ్ నాట్ రివర్స్‌డ్, అంటే చివరి పదంతో మొదలయ్యే ‘కొన్ని కావు’. ఇవి తప్పులు కావు. బట్టీ కూడా కొత్త పాపమేమీ కాదు; మధ్యయుగపు ఐరోపాలో విద్యార్థులు బార్బరా, సెలారెంట్, డారీ, ఫెరియో అంటూ లాటిన్ పద్యాన్ని ఇలాగే వల్లెవేశారు. కానీ ఆ పద్యానికీ మన పట్టికకూ పెద్ద తేడా ఉంది. ఆ పేర్లలోని అచ్చులు ఏ రకం వాక్యాలో చెబుతాయి. మొదటి అక్షరం, మధ్యలో వచ్చే కొన్ని హల్లులు ఆ వాదాన్ని ఏ మూలరూపానికి, ఏ మార్పులతో కుదించి నిరూపించాలో చెబుతాయి. సెసారే అన్న పేరు గుర్తున్నవాడికి, ఒక ఆధార వాక్యాన్ని తిరగేస్తే అది సెలారెంట్ అవుతుందన్న సంగతి కూడా ఆ పేరులోనే దొరుకుతుంది. అంటే వాళ్ళు కంఠస్థం చేసింది నిరూపణ మార్గాన్ని. మన పట్టికలో ఉన్నది జవాబు మాత్రమే; అది మరిచిపోయిన రోజున విద్యార్థికి తిరిగి కట్టుకునే దారి లేదు.

అర్థం చెప్పకపోవడం వల్ల వచ్చే మరో ఇబ్బంది మొదటి రోజే కనిపిస్తుంది. ప్రశ్నకు పైన ఒక సూచన ఉంటుంది: ఇచ్చిన ప్రకటనలు అందరికీ తెలిసిన వాస్తవాలకు భిన్నంగా ఉన్నప్పటికీ వాటిని నిజమని స్వీకరించాలి. చాలామంది అధ్యాపకులు దీన్ని చదవకుండానే దాటేస్తారు. ‘సార్, పెన్నులు పుస్తకాలెలా అవుతాయి?’ అని ఎవరైనా అడిగితే క్లాసు నవ్వుతుంది, అడిగినవాడు కూర్చుంటాడు. నా దృష్టిలో ఆ క్లాసులో అంతకంటే మంచి ప్రశ్న మరొకటి లేదు. 1931-32లో అలెగ్జాండర్ లూరియా అనే సోవియట్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఉజ్బెకిస్థాన్ గ్రామాల్లో అక్షరం రాని రైతులను ఇలాంటివే అడిగాడు. ఉత్తరాన మంచు కురిసే చోట ఎలుగుబంట్లన్నీ తెల్లగా ఉంటాయి. నోవాయా జెమ్ల్యా ఉత్తరాన ఉంది, అక్కడ ఎప్పుడూ మంచే. మరి అక్కడి ఎలుగుబంట్లు ఏ రంగు? తాము అక్కడికి వెళ్ళలేదనీ, చూడనిదాని గురించి మాట్లాడబోమనీ, చూసినవాణ్ణి అడగమనీ వాళ్ళు చెప్పారు. కొద్దిపాటి బడి చదువు ఉన్నవాళ్ళు మాత్రం తెల్లగా ఉంటాయని తడుముకోకుండా చెప్పారు.

రైతులకు ఆలోచన రాదని దీనికి అర్థం చెప్పుకునేవాళ్ళున్నారు, అది తొందరపాటు. చూడనిదాని గురించి మాట్లాడననడం కూడా ఒక ఆధారం మీద నిలిచిన తర్కమే. వాళ్ళు ఒప్పుకోనిది ఆటలోని ఒక షరతును: చెప్పిన మాటలను కాసేపు నిజమనుకో, నీకు తెలిసినదాన్ని కాసేపు పక్కన పెట్టు అన్న షరతును. ఆ షరతు సహజమైనది కాదు, నేర్పవలసినది. కాబట్టి పెన్నులెలా పుస్తకాలవుతాయని అడిగిన కుర్రాడికి చెప్పవలసిన సమాధానం ఇది: అవవు, అయితే ఈ వాక్యాలు నిజమో కాదో తేల్చే పని ఇక్కడ మనది కాదు, ఇవి నిజమైతే ఇంకేది నిజం కాక తప్పదో తేల్చడమే మన పని. పరీక్ష తయారుచేసేవాళ్ళు అర్థంలేని పదాలు పెట్టడంలో ఒక మేలు కూడా ఉంది. తీర్మానం మనం ముందే నమ్మినదైతే వాదం ఎంత పుచ్చిపోయినదైనా బాగుందనిపిస్తుంది. పెన్నులూ బల్లల మీద మాత్రం ఎవరికీ ముందస్తు అభిప్రాయాలుండవు.

ఈ షరతులో చిన్న అక్షరాలతో రాసిన భాగం ఒకటుంది, అది ‘కొన్ని’ గురించి. మామూలు మాటల్లో ‘మా క్లాసులో కొందరు పాసయ్యారు’ అంటే మిగతావాళ్ళు తప్పారని వింటాం. తర్కంలో ‘కొన్ని’ అంటే కనీసం ఒకటి, అన్నీ అయినా కావచ్చు. ఇది తెలియకే ‘అన్ని పెన్నులు పుస్తకాలు’ అన్న వాక్యం నుంచి ‘కొన్ని పెన్నులు పుస్తకాలు’ రాదని వాదించేవాళ్ళు ప్రతి బ్యాచిలోనూ ఉంటారు. వాళ్ళకు భాష బాగా తెలుసు, తెలియనిది షరతు. ఈమధ్య పరీక్షల్లో ‘కేవలం కొన్ని’ అని విడిగా ఇస్తున్నారు. దానికి మాత్రం కొన్ని అవును, కొన్ని కాదు అనే అర్థం. ఈ తేడా చెప్పకుండా నియమం చెబితే అది మంత్రంలాగే మిగిలిపోతుంది.

ఇక్కడే తెలివైన విద్యార్థి ఇంకో మెట్టు ఎక్కి అడుగుతాడు: అసలు పెన్నులే లేకపోతే? టికెట్ లేకుండా ప్రయాణించిన వారందరికీ జరిమానా విధించబడును అని బస్సులో రాసి ఉంటుంది. ఆ రోజు అందరూ టికెట్ తీసుకున్నారనుకుందాం. రాసిన వాక్యం అబద్ధమైపోదు. కానీ జరిమానా కట్టినవాడు కనీసం ఒకడున్నాడన్నది అబద్ధం. అంటే ‘అందరూ’ నుంచి ‘కొందరు’ ప్రతిసారీ రాదు. అరిస్టాటిల్ వస్తుందన్నాడు, ఎందుకంటే ఆయన చర్చించే వర్గాల్లో సభ్యులు ఉన్నారనే లెక్క. 19వ శతాబ్దంలో గణితజ్ఞులు జార్జ్ బూల్, జాన్ వెన్ కట్టిన పద్ధతిలో రాదు. మూడు వాక్యాల వాదానికి సాధ్యమైన రూపాలు మొత్తం 256. పాత లెక్కలో వాటిలో 24 చెల్లుతాయి, కొత్త లెక్కలో 15 మాత్రమే. మన బ్యాంకు పరీక్షలది పాత లెక్క. విశ్వవిద్యాలయంలో తర్కం చదివి కోచింగ్‌కు వచ్చినవాళ్ళు తడబడేది ఇక్కడే. విచిత్రమేమిటంటే బొమ్మ మాత్రం వెన్ పేరుతోనే చలామణీ అవుతుంది. నిజానికి క్లాసులో గీసే ఒకదాన్లో ఒకటి ఇమిడే వృత్తాలు వెన్‌వి కావు, అంతకు శతాబ్దం ముందు ఆయిలర్ అనే గణితజ్ఞుడు ఒక జర్మన్ రాకుమారికి రాసిన ఉత్తరాల్లో వాడినవి. వర్గం ఖాళీగా ఉండదన్నది ఈ పరీక్ష ఒప్పందమని ఒక్క మాట చెబితే ఈ గందరగోళం ఉండదు. ఎందుకో మరి, ఆ ఒక్క మాట ఎవరూ చెప్పరు.

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వవలసింది నిరాకరణకు. ఒక మాటను కాదనడమంటే ఏమిటి? ‘నాయకులందరూ దొంగలే’ అన్నవాడికి ఎదురు చెప్పాలంటే నాయకుల్లో ఒక్క దొంగా లేడని నిరూపించనక్కరలేదు. దొంగ కాని నాయకుణ్ణి ఒక్కణ్ణి చూపిస్తే చాలు. టీవీ చర్చల్లో రెండు పక్షాలూ అవతలివాళ్ళ ‘అందరూ’కు తమ ‘ఎవరూ కాదు’తో సమాధానం చెబుతాయి. ఆ రెండూ కలిసి అబద్ధం కావచ్చు, తరచుగా అవుతాయి కూడా. మన భాషలో ఈ తేడా సామెతగానే ఉంది: మెరిసేదంతా బంగారం కాదు. దీన్ని విన్న తెలుగువాడెవడూ మెరిసేదేదీ బంగారం కాదని అర్థం చేసుకోడు. మెరిసేవాటిలో బంగారం కానిది ఉందనే తీసుకుంటాడు. అదే మనిషి ‘అన్ని పుస్తకాలు బల్లలు కావు’ అని ప్రశ్నపత్రంలో చూస్తే ఏ పుస్తకమూ బల్ల కాదన్నట్టు విడివిడి వృత్తాలు గీస్తాడు. సామెతలో తెలిసిన సంగతి పరీక్షలో తెలియకుండా పోవడం బోధనలో లోపమే.

ఈ నిరాకరణ అర్థమైతే ‘ఐదర్-ఆర్’ ప్రశ్నలకు విడిగా పాఠమే అక్కరలేదు. ‘కొన్ని పెన్నులు బల్లలు’, ‘ఏ పెన్నూ బల్ల కాదు’ అన్న రెండు తీర్మానాలిచ్చి, ఏదీ విడిగా ఫాలో కాకపోయినా రెండింటిలో ఒకటి తప్పదని గుర్తించమంటారు. క్లాసులో దీనికి ‘సమ్-నో జత, ఆల్-సమ్ నాట్ జత’ అని గుర్తులు చెబుతారు. ఒకటి రెండోదాని కచ్చితమైన నిరాకరణ కాబట్టి మూడో దారి లేదన్నదే అందులోని విషయం. ఫలానా విధంగా ఉండే అవకాశముందా అని అడిగే ‘పాసిబిలిటీ’ ప్రశ్నలూ అంతే. పరీక్షలు పెట్టేవాళ్ళు తర్కానికి చేసిన మేలు ఏదైనా ఉంటే ఈ ప్రశ్నలను తేవడమే అంటాను; అవి ఒక్క బొమ్మతో ఆగకుండా ఇంకో బొమ్మ వెతికిస్తాయి. దానికీ మనవాళ్ళు వెంటనే ఒక సూత్రం కనిపెట్టి ఆ వెతుకులాటను తప్పించారు.

ఈ విషయం ఎక్కడ మాట్లాడినా, అరిస్టాటిల్ ఎందుకు, మన తర్కశాస్త్రం లేదా అనే ప్రశ్న వస్తుంది. ఉంది. దాన్ని చెప్పాలన్నదే నా అభిప్రాయం కూడా, కానీ ఒకదానికి ఇంకొకటి ప్రత్యామ్నాయమన్న పేరుతో కాదు. మన తర్క సంప్రదాయమైన న్యాయదర్శనంలో వాదానికి చెప్పిన అయిదు అవయవాలు, అంటే ప్రతిజ్ఞ (నిరూపించవలసిన మాట), హేతువు (కారణం), ఉదాహరణ, ఉపనయం (దాన్ని ఇక్కడికి అన్వయించడం), నిగమనం (ముగింపు), అరిస్టాటిల్ మూడు వాక్యాలకు పెంచిన రూపం కావు. కొండ మీద నిప్పుంది, పొగ ఉంది కాబట్టి, వంటింట్లో లాగ: ఇక్కడ పెన్నులు పుస్తకాలన్నట్టు అబద్ధాన్ని ఆధారంగా పెట్టుకునే వీల్లేదు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందన్న వ్యాప్తి నిజంగా ఉండాలి, దానికి ఉదాహరణ చూపాలి. ‘అన్ని’ అని ఇచ్చేస్తే పుచ్చుకుని ముందుకు సాగుతుంది అరిస్టాటిల్ వాదం. ఆ ‘అన్ని’ నీకెక్కడిది అని నిలదీస్తుంది నైయాయికుడి వాదం. లూరియా ఎదుట కూర్చున్న రైతులు ఈ రెండో పక్షం.

నిప్పు లేనిదే పొగ రాదని మనం పుకార్లను సమర్థించడానికి వాడుతుంటాం. పొగ ఉంటే నిప్పుంటుంది, సరే. నిప్పు ఉంటే పొగ ఉంటుందా? తెలుగునాట పుట్టిన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో ఈ తిరగేసిన వాదాన్ని హేత్వాభాసల్లో, అంటే కారణంలా కనిపించే తప్పుడు కారణాల్లో, చేర్చాడు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుకు పచ్చికట్టె తోడవ్వాలి. ఆ చెప్పకుండా వదిలేసిన షరతుకే ఉపాధి అని పేరు. ‘అన్ని ఏలు బీలు’ అంటే ‘అన్ని బీలు ఏలు’ కాదని చెప్పడానికి ఇనుపగుండు కంటే మంచి ఉదాహరణను నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. కాశీకి వెళ్ళినంత మాత్రాన అన్నంభట్టు కాలేడని ఆయన పేరిట పుట్టిన నానుడి ఉంది కదా. అన్నంభట్టు కాశీకి వెళ్ళాడు గానీ కాశీకి వెళ్ళినవాళ్ళందరూ అన్నంభట్టులు కారు. పండితుడి మీద పుట్టిన ఆ మాట కూడా అదే తర్కదోషాన్ని పట్టుకుంది.

ఇదంతా బాగానే ఉంది, టైమేదీ అంటారు సాటి అధ్యాపకులు. వాళ్ళ మాటను తేలిగ్గా తీసేయలేం. క్లర్కు ప్రిలిమ్స్‌లో రీజనింగ్‌కు 35 ప్రశ్నలు, 20 నిమిషాలు. అంటే ప్రశ్నకు అరనిమిషం దాటితే ఎక్కువ, తప్పు జవాబుకు పావు మార్కు కోత. అర్థం నుంచి నేర్చుకున్న విద్యార్థి మొదటి పది రోజులు పట్టిక వల్లించినవాడి కంటే వెనకబడతాడు. ఆ పది రోజుల్లోనే ఇంట్లోవాళ్ళకు మాక్ టెస్టు ర్యాంకులు వెళ్ళిపోతాయి, యాజమాన్యం అడుగుతుంది. సూత్రాలు వద్దని అందుకే నేను అనడం లేదు. వారం పాటు కాకులూ చిలుకలూ గుర్రాలతో కూలగొట్టించి, ఆ తర్వాత పట్టికను విద్యార్థుల చేతనే కట్టించాలంటున్నాను. కూలగొట్టడానికి ఎంత వెతికినా ఉదాహరణ దొరకని జతలు వాళ్ళకే నాలుగైదు మిగులుతాయి. ఎందుకు దొరకడం లేదో అప్పుడు చర్చిస్తే అదే నిరూపణ.

క్లర్కు పరీక్షలను తెలుగుతో సహా 13 ప్రాంతీయ భాషల్లో కూడా నిర్వహించాలని 2021 సెప్టెంబరులో కేంద్ర ఆర్థిక శాఖ సిఫారసు చేసిన తర్వాత ఈ బోధనను తెలుగులోనే చేయడానికి కొత్త కారణం కూడా వచ్చింది. ఆల్ ప్లస్ సమ్ అని నేర్చుకున్నవాడు తెర మీద ‘అన్ని పుస్తకాలు బల్లలు కావు’ అన్న వాక్యాన్ని చూసి ముందు ఇంగ్లీషులోకి మార్చుకుని, ఆ తర్వాత పట్టికలో వెతుక్కోవలసి వస్తోంది.

పట్టిక అసలు పనికిరాని చోటు కూడా ఉంది. మెయిన్స్‌లో తీర్మానం ముందే ఇచ్చి, అది ఏ ప్రకటనల నుంచి వస్తుందో ఎంచుకోమంటారు. ‘కొన్ని పెన్నులు బల్లలు కావు’ అన్నది తీర్మానం అనుకుందాం. ఒక ఎంపికలో అన్ని పెన్నులు పుస్తకాలు, కొన్ని పుస్తకాలు బల్లలు కావు అని ఉంటుంది. చాలామంది చేయి అక్కడికే వెళుతుంది, ఎందుకంటే ‘కావు’ అన్న మాట అందులో కనిపిస్తోంది. పదాలు మార్చి చూడండి: పిల్లులన్నీ జంతువులు, కొన్ని జంతువులు క్షీరదాలు కావు, కాబట్టి కొన్ని పిల్లులు క్షీరదాలు కావా? ఆ ఎంపిక పడిపోయింది. ఇంకో ఎంపికలో కొన్ని పెన్నులు పుస్తకాలు, ఏ పుస్తకమూ బల్ల కాదు అని ఉంది. పుస్తకాలైన ఆ పెన్నులు బల్లలు కావడానికి వీల్లేదు కాబట్టి దీన్ని ఏ పదాలతోనూ పడగొట్టలేం. కాకులతో మొదలుపెట్టినవాళ్ళకు ఇక్కడ కొత్తగా నేర్చుకోవలసినదేమీ లేదు. పట్టికతో మొదలుపెట్టినవాళ్ళ కోసం మాత్రం ఇప్పుడు ‘రివర్స్ సిలాజిజం’ పేరుతో ఇంకో చాప్టరూ, దానికి ఇంకో పట్టికా తయారయ్యాయి.